కాకరకాయ పిల్లలకే ఎందుకంత చేదు?

పెద్దవాళ్లు ఇష్టంగా తినే కాకరకాయ కూర నోట్లో పెట్టుకోగానే మీ ముఖం ముడుచుకుపోతుందా? అది పెంకితనం కాదు. విషపు మొక్కలు చాలావరకు చేదుగా ఉంటాయి. అందుకే మన నాలుకకు చేదును పసిగట్టే గ్రాహకాలు దాదాపు 25 రకాలున్నాయి. పిల్లల్లో ఈ కాపలా మరీ గట్టిది. కాకర విషం కాదు కానీ, పాపం, నాలుకకు ఆ సంగతి తెలియదు!

మరి ఎలా తినడం? ముక్కలకు ఉప్పు రాసి, అరగంట ఆగి పిండితే చేదు నీరు కొంత దిగిపోతుంది. నాలుకకు తెలిసే చేదును కూడా ఉప్పు తగ్గిస్తుంది. పులుసు పెడితే బెల్లం మిగతా పని చూస్తుంది. అసలు కిటుకు మాత్రం మళ్లీ మళ్లీ రుచి చూడడమే. పూటకు ఒక్క ముక్క చాలు, పెద్దలు బలవంతం చేయకూడదు. తిన్నా ఏమీ కాలేదని మెదడు గుర్తుపెట్టుకుంటుంది. పది, పదిహేనుసార్లు అయ్యేసరికి చాలామంది పిల్లలకు కొత్త కూర అలవాటవుతుంది. కాకరకు ఇంకొన్నాళ్లు పట్టినా ఫర్వాలేదు.