పాతబస్తీ మిద్దెల మీద మల్లెలు

ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి తవెర్నియే 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చినప్పుడు హైదరాబాద్ రాజమహల్‌ని చూసి ఆశ్చర్యపోయాడు. రాతి కమానుల మీద తోటలు పెంచారనీ, అంతంత చెట్లను అవి ఎట్లా మోస్తున్నాయో అంతుపట్టదనీ తన యాత్రాకథనంలో చెప్పుకొచ్చాడు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా పునాది వేసిన నగరానికి అప్పటికింకా వందేళ్లు నిండలేదు. మిద్దెతోట అంటే ఈమధ్య పుట్టిన సరదా అనుకోవడం పొరపాటే.

కిషన్‌బాగ్, మూసారాంబాగ్ లాంటి పేర్లలో పాతకాలపు తోటలు ఇంకా పలుకుతున్నాయి. నవాబుల దేవిడీల్లో నడిమధ్య హౌజు, దాని చుట్టూ పూలమొక్కలు ఉండేవి. ఆ తీరు చూడాలంటే ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లాలి. దేవిడీలు చాలావరకు కూలి, వాటాలై, అంతస్తులయ్యాయి. శాలిబండలోనో మొగల్‌పురాలోనో ఇవాళ ఒక ఇంటికి మిగిలిన ఖాళీ జాగా డాబా ఒక్కటే.

అదృష్టవశాత్తు ఇక్కడి వాతావరణం మొక్కలకు అనుకూలం. సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున్న దక్కన్ పీఠభూమి ఇది. చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది కాబట్టి మంచు కాటు భయం లేదు. ఇబ్బందల్లా 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలలతోనే. ఆ రెండు నెలలూ గ్రీన్ నెట్ కట్టి, పొద్దున్నే నీళ్లు పోస్తే సున్నితమైన మొక్కలు కూడా గట్టెక్కుతాయి.

ఆ ఎండాకాలాన్నే పండగ చేసుకునే మొక్క మల్లె. ఒకే తోటలోని మల్లెలు ఆడపిల్లల జడల్లోకీ, గుడిలోకీ, దర్గా చాదర్‌లోకీ, పెళ్లికొడుకు సెహ్రాలోకీ వెళ్లే ఊరు ఇది. అయినా చాలా ఇళ్లలో మల్లెచెట్టు ఆకులు వేస్తుందే తప్ప పూయదు. కారణం చలికాలంలో చేసే అతి గారాబం. నవంబరు చివర నీళ్లు బాగా తగ్గించి, కొమ్మలను అడుగు, అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, ఆకు దూసేయాలి. ఫిబ్రవరిలో పశువుల ఎరువు వేసి మళ్లీ నీళ్లు మొదలుపెడితే మార్చికల్లా కొత్త చిగుళ్లతో పాటు మొగ్గలు వస్తాయి. గులాబీకి వానలు వెనకబట్టాక అక్టోబరులో కత్తిరింపు చేయాలి. కాగితపు పూలచెట్టుకైతే నీళ్లు తక్కువైతేనే పూలు ఎక్కువ.

చామంతిది మరో తీరు. రాత్రి నిడివి పెరిగితేనే అది మొగ్గ తొడుగుతుంది. గల్లీల్లో మిద్దె అంచుకు ఆనుకునే వీధిదీపం ఉంటుంది. తెల్లవార్లూ ఆ వెలుగు పడే చామంతి పూత కోసం ఎదురుచూసి ఎదురుచూసి, ఎరువు మార్చి, చివరికి పీకేస్తారు. నిజానికి కుండీని చీకటి మూలకు జరిపితే చాలు.

పాత ఇళ్ల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాల్సిన మాట బరువు గురించి. 200 లీటర్ల డ్రమ్ముని సగానికి కోసి తడిమట్టి నింపితే 150 కిలోలు దాటుతుంది. అలాంటివి నాలుగు స్లాబు నడుమ పెట్టడం క్షేమం కాదు. కుండీలు గోడలు, దూలాల వెంట ఉండాలి. మట్టిలో కొబ్బరిపొట్టు, ఎరువు కలిపి బరువు తగ్గించాలి. కుండీ కింద ఇటుకలు పెడితే నీరు నిలిచి స్లాబులోకి ఇంకదు. అడుగు పళ్లాల్లో నీటిని రెండు మూడు రోజులకోసారి పారబోయకపోతే దోమలు పెరుగుతాయి. మందారకు తెల్లటి పిండినల్లి పట్టిందంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లడం మేలు.

కొత్తగా మొదలుపెట్టేవారు ఖరీదైన మొక్కల జోలికి పోనక్కర్లేదు. మందార, నందివర్ధనం, గన్నేరు కొమ్మ నాటితేనే వేళ్లూనుతాయి. తొలకరి పడగానే పక్కింటివాళ్లను ఒక కొమ్మ అడిగి తెచ్చుకోండి.