కథ ఎక్కడ ఆగుతుంది, చరిత్ర ఎక్కడ మొదలవుతుంది?
ఉన్నత ప్రాథమిక తరగతులలో ప్రాచీన గ్రీసు బోధన



ప్రాచీన గ్రీసు పాఠం మొదలుపెట్టిన ప్రతి తరగతిలోనూ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. థీసియస్ కథ చెప్పడం పూర్తవుతుండగానే వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు లేచి, "సార్, ఇది నిజంగా జరిగిందా?" అని అడుగుతారు. సాధారణంగా మనం రెండు జవాబుల్లో ఏదో ఒకటి చెప్పేస్తాం. "అదంతా కల్పన, పరీక్షకు రాదు" అంటాం. లేదా "నిప్పు లేనిదే పొగ రాదు, ఏదో జరిగే ఉంటుంది" అంటాం. మొదటి జవాబుతో పిల్లలకు కథ మీద ఆసక్తి పోతుంది. రెండో జవాబుతో ఆధారం చూడకుండా నమ్మే అలవాటు వస్తుంది. రెండూ నష్టమే. ఆ ప్రశ్నకు మూడో రకం జవాబు ఎలా చెప్పాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ పాఠం లక్ష్యాలు

ఈ పాఠం పూర్తయ్యేసరికి మీ విద్యార్థులు:
1. పురాణగాథకూ చరిత్రకూ మధ్య తేడాను ఉదాహరణలతో చెప్పగలగాలి.
2. ఒక సంగతిని ఎవరు, ఎప్పుడు, ఎంతకాలం తర్వాత చెప్పారో అడగగలగాలి.
3. ఏథెన్సు ప్రజాస్వామ్యంలో ఎవరికి చోటు ఉందో, ఎవరికి లేదో వివరించగలగాలి.
4. గ్రీకులకూ మన దేశానికీ ఉన్న సంబంధాలకు రెండు ఆధారాలు చూపగలగాలి.

ఇందుకు నాలుగు పీరియడ్లు చాలు. ఒక చిన్న సూచన. జియస్, పొసైడన్, ఎథీనా, హెర్మిస్ అంటూ దేవతల జాబితాను మొదటి రోజే బోర్డు నింపేలా రాయకండి. పీరియడుకు అయిదారు కొత్త పేర్లు మించితే పిల్లలు బట్టీ పట్టడంలో పడిపోతారు.

మూడు గడుల పట్టిక

నోటుపుస్తకంలో పేజీని నిలువుగా మూడు గడులు చేయించండి. మొదటి గడి "కథ ఏం చెబుతోంది?", రెండో గడి "ఎవరు, ఎప్పుడు చెప్పారు?", మూడో గడి "నేలలో ఏం దొరికింది?". నాలుగు పీరియడ్లలోనూ ఇదే పట్టిక నింపుతూ వెళ్ళాలి. "నిజమా, అబద్ధమా" అన్న ఒక్క ప్రశ్నను ఇది మూడు చిన్న ప్రశ్నలుగా విడగొడుతుంది. చిన్న ప్రశ్నలకు పిల్లలు తామే జవాబు వెతకగలరు.

మొదటి పీరియడ్: క్రీటు దీవి

కథను కథలాగే చెప్పండి, మధ్యలో ఆపవద్దు. క్రీటు దీవికి రాజు మినోస్. అతని భవనం కింద డెడలస్ కట్టిన చిక్కుదారుల మందిరం. అందులో ఎద్దు తల, మనిషి ఒళ్ళు ఉన్న మినోటార్. దానికి ఆహారంగా ఏథెన్సు నుంచి ఏడుగురు యువకులు, ఏడుగురు యువతులు వెళ్ళాలి. థీసియస్ వాళ్ళలో ఒకడిగా వెళ్తాడు. రాకుమారి అరియాడ్నే ఇచ్చిన దారపు ఉండ విప్పుకుంటూ లోపలికి వెళ్ళి, దానిని చంపి, అదే దారం పట్టుకుని బయటపడతాడు. ఇదంతా మొదటి గడి.

ఇప్పుడు మూడో గడికి రండి. 1900లో ఆర్థర్ ఎవాన్స్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త క్రీటులోని నోసోస్ దగ్గర తవ్వకాలు మొదలుపెట్టాడు. లెక్కలేనన్ని గదులు, వసారాలు, మెట్లు ఉన్న పెద్ద భవన సముదాయం బయటపడింది. ఎగిరి దూకుతున్న ఎద్దు వీపు మీదుగా మనుషులు పల్టీలు కొడుతున్న గోడచిత్రం దొరికింది. రాత ఉన్న మట్టిపలకలూ దొరికాయి. అవి కాల్చని పలకలు. భవనం తగలబడినప్పుడు ఆ మంటలోనే కాలి గట్టిపడ్డాయి కాబట్టి మనదాకా వచ్చాయి. వాటిలో లీనియర్ బి అనే లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ చదివాడు. అది గ్రీకు భాషకు పాతరూపం అని తేలింది. ఒక పలక మీద "లాబిరింతు దేవికి ఒక జాడీ తేనె" అని ఉన్నట్టు చాలామంది పండితులు చదివారు. లాబిరింతు అంటే ఆ చిక్కుదారుల మందిరం పేరే.

తరగతి ఒక్కసారిగా "అయితే మినోటార్ నిజమే!" అంటుంది. అక్కడే ఆగండి. "ఈ మూడు గడులలో ఎక్కడైనా మినోటార్ ఎముక ఉందా?" అని అడగండి. లేదు. మరి ఉన్నదేమిటి? పెద్ద భవనం ఉంది, ఎద్దులతో ఆట ఉంది, లాబిరింతు అన్న మాట ఉంది. కథ పుట్టడానికి ఇవి సరిపోవచ్చు. కథ జరిగిందనడానికి సరిపోవు. ఇంకొక సంగతి కూడా చెప్పండి. ఆ నాగరికతకు "మినోవన్" అన్న పేరును స్థిరపరచింది ఎవాన్సే, ఆ కథలోని రాజు పేరు మీదుగా. ఆ ప్రజలు తమను తాము ఏమని పిలుచుకున్నారో చెప్పగల వాళ్ళ సొంత లిపి లీనియర్ ఎ ఈనాటికీ పూర్తిగా చదవడం కుదరలేదు. పెద్దలకు కూడా కథ మీద మోజు ఉంటుందని పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

రెండో పీరియడ్: మారథాన్ పరుగు

ఇది అందరికీ తెలిసిన కథ. క్రీ.పూ. 490లో మారథాన్ మైదానంలో ఏథెన్సు సైన్యం పర్షియన్లను ఓడించింది. ఒక వార్తాహరుడు ఏథెన్సు వరకూ పరుగెత్తి, గెలిచామని చెప్పి, అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. యుద్ధం జరిగిందనడంలో సందేహం లేదు. చనిపోయిన ఏథెన్సు వీరుల సమాధి దిబ్బ ఈనాటికీ అక్కడ ఉంది. మరి పరుగు?

రెండో గడి నింపిద్దాం. యుద్ధం తర్వాత కొన్ని దశాబ్దాలకు రాసిన హెరొడోటస్, ఫిడిపిడీస్ అనే వార్తాహరుడి గురించి చెప్పాడు. కానీ అతను చెప్పిన పరుగు వేరు. యుద్ధానికి ముందు సాయం అడగడానికి ఏథెన్సు నుంచి స్పార్టాకు, సుమారు 240 కిలోమీటర్లు. పౌర్ణమి వచ్చేదాకా బయలుదేరలేమని స్పార్టా వాళ్ళు చెప్పారు. మారథాన్ నుంచి వచ్చి ప్రాణం విడిచిన మనిషి హెరొడోటస్ గ్రంథంలో లేడు. ఆ కథ మనకు కనిపించేది ప్లూటార్క్, లూషియన్ వంటి వాళ్ళ రచనల్లో, అంటే యుద్ధం జరిగిన 500, 600 ఏళ్ళ తర్వాత. ప్లూటార్క్ చెప్పిన వార్తాహరుడి పేరు కూడా వేరు. 1896లో ఏథెన్సులో ఆధునిక ఒలింపిక్సు జరిగినప్పుడు ఆ కథ పేరు మీదే మారథాన్ పరుగు పెట్టారు. నేటి 42.195 కిలోమీటర్ల దూరం మొదటిసారి వచ్చింది 1908 లండన్ ఒలింపిక్సులో.

హెరొడోటస్ ఇంకొక విచిత్రం చెప్పాడు. స్పార్టా ప్రయాణంలో కొండదారిలో పాన్ అనే దేవుడు ఫిడిపిడీస్‌ను పేరు పెట్టి పిలిచి, ఏథెన్సు వాళ్ళు తనను ఎందుకు పట్టించుకోవడం లేదని అడిగాడట. యుద్ధం గెలిచాక ఏథెన్సు వాళ్ళు ఆ మాట నమ్మి అక్రొపోలిస్ కొండ కింద పాన్‌కు గుడి ఏర్పాటు చేశారు. పాన్ కనిపించాడా అన్నది చరిత్ర తేల్చగల ప్రశ్న కాదు. ఏథెన్సు ప్రజలు నమ్మారా, నమ్మి ఏం చేశారు అన్నది చరిత్ర తేల్చగలదు. నమ్మకం కూడా చరిత్రలో ఒక సంఘటనే. ఈ ఒక్క సంగతి బోధపడితే, ఏ దేశపు పురాణాన్నయినా వెక్కిరించకుండా, గుడ్డిగా నమ్మకుండా చదవడం పిల్లలకు వస్తుంది.

మూడో పీరియడ్: పెంకుల మీద పేర్లు

ఇక పురాణం పక్కన పెట్టి రాజకీయాలకు వెళ్దాం. క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లైస్థెనీస్ సంస్కరణలతో ఏథెన్సులో ప్రజాస్వామ్యం రూపుదిద్దుకుంది. పౌరులందరూ సర్వసభలో కూర్చుని చేతులెత్తి నిర్ణయాలు చేసేవారు. ప్రమాదకరం అనుకున్న నాయకుడిని పదేళ్ళపాటు నగరం నుంచి పంపేయడానికి ఒక పద్ధతి ఉండేది. పగిలిన కుండ పెంకు మీద ఆ నాయకుడి పేరు గీకి వేయాలి. మొత్తం 6000 పెంకులు పడితేనే ఆ ఓటు చెల్లుతుంది. వెలివేసిన మనిషి ఆస్తి మాత్రం జప్తు కాదు.

సలామిస్ నౌకాయుద్ధంలో క్రీ.పూ. 480లో ఏథెన్సును గట్టెక్కించిన థెమిస్టోక్లిస్‌ను కూడా కొన్నేళ్ళకే ఇలా పంపేశారు. 1937లో అక్రొపోలిస్ ఉత్తరపు వాలులో ఒక పాత బావిలో అతని పేరున్న 190 పెంకులు దొరికాయి. చేతిరాత పరిశీలిస్తే వాటిని రాసింది సుమారు 14 మంది మాత్రమే అని తేలింది. ఇక తరగతికి వదిలేయండి. 190 ఓట్లు 14 మంది ఎందుకు రాశారు? రాయడం రానివాళ్ళకు సాయమా? లేక ఒక ముఠా ముందుగానే రాసి పంచడానికి సిద్ధం చేసిందా? రెండూ సాధ్యమే. పిల్లలు తమ ఊరి ఎన్నికల కబుర్లు తెచ్చి వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి.

ఇలాంటి వాదం మధ్యలో ఒక తరగతిలో ఒక అమ్మాయి అడిగింది: "నేను అప్పుడు అక్కడ ఉంటే నాకు పెంకు ఇచ్చేవాళ్ళా?" ఇచ్చేవాళ్ళు కాదు. ఓటు వయసు వచ్చిన మగ పౌరులదే. స్త్రీలకు లేదు, బానిసలకు లేదు, బయటి నుంచి వచ్చి ఏథెన్సులో స్థిరపడినవాళ్ళకు లేదు. క్రీ.పూ. 451లో పెరిక్లిస్ తెచ్చిన చట్టం ప్రకారం తల్లి, తండ్రి ఇద్దరూ ఏథెన్సు వాళ్ళయితేనే పౌరసత్వం. "ప్రపంచానికి ప్రజాస్వామ్యాన్ని నేర్పిన ఏథెన్సు" అని రాయించి ఊరుకుంటే ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరకదు.

సలామిస్‌లో గెలిచిన ఓడల సంగతి కూడా చెప్పండి. ఏథెన్సుకు దగ్గరలోని లారియన్ గనులలో కొత్తగా పడిన వెండిని పౌరులకు పంచకుండా ఓడలు కట్టించాలని ఒప్పించింది థెమిస్టోక్లిసే. ఆ గనులలో, ఇరుకు సొరంగాలలో పనిచేసింది ఎక్కువగా బానిసలు. నగర స్వేచ్ఛను కాపాడిన నౌకలకు పెట్టుబడి స్వేచ్ఛ లేనివాళ్ళ చెమట. ఏథెన్సు గొప్పతనం, ఏథెన్సు అన్యాయం రెండూ ఒకే పాఠంలో, ఒకదాని పక్కన ఒకటి ఉండాలి. ఒకటి చెప్పి ఒకటి దాచితే అది చరిత్ర కాదు, పొగడ్తో తిట్టో అవుతుంది.

నాలుగో పీరియడ్: యవనులూ మనమూ

గ్రీకులను మన పూర్వులు యవనులు అన్నారు. అది అయోనియా అనే గ్రీకు ప్రాంతం పేరు పర్షియన్ల ద్వారా మనకు చేరిన రూపం. జియస్ పేరూ, వేదాలలోని ద్యౌస్ అనే పేరూ ఒకే పాత మూలం నుంచి వచ్చినవని భాషాశాస్త్రం చెబుతుంది. అయితే "జియస్ అంటే మన ఇంద్రుడే" అని తేల్చేయకండి. పేర్లకు చుట్టరికం ఉన్నంతమాత్రాన కథలు ఒకటి కావు.

రెండు గట్టి ఆధారాలు చూపండి. 1958లో కాందహార్‌లో దొరికిన అశోకుడి శాసనం గ్రీకు, అరమాయిక్ భాషలలో ఉంది. మధ్యప్రదేశ్‌లోని విదిశ దగ్గర క్రీ.పూ. రెండో శతాబ్దం నాటి గరుడస్తంభం ఉంది. తక్షశిల నుంచి యవన రాజు ఆంటియాల్కిడస్ రాయబారిగా వచ్చిన హెలియొడోరస్ దానిని వాసుదేవుడికి నిలబెట్టి, తాను భాగవతుడినని బ్రాహ్మీ లిపిలో చెక్కించుకున్నాడు. "వాళ్ళ దేవుడు గొప్పా, మన దేవుడు గొప్పా" అన్న పోటీ తరగతిలో మొదలైతే ఈ స్తంభం బొమ్మ చూపండి.

తెలుగు పిల్లలకు ఇంకొకటి. చంద్రగుప్త మౌర్యుడి కాలంలో రాయబారిగా వచ్చిన మెగస్తనీసు రాసిన ఇండికా గ్రంథం నేడు లేదు. తర్వాతివాళ్ళు అందులోంచి తీసుకున్నవే మిగిలాయి. రోమన్ రచయిత ప్లినీ, ఆంధ్రులకు ప్రాకారాలున్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2000 గుర్రాలు, 1000 ఏనుగులు ఉన్నాయని రాశాడు. ఇది మెగస్తనీసు నుంచి తీసుకున్నదేనని చాలామంది అభిప్రాయం. మన గురించి చెప్పాడు కాబట్టి వెంటనే నమ్మేయాలా? ఇక్కడ కూడా మూడు గడులు నింపించండి. పరాయివాళ్ళ కథకు ఒక కొలత, మన గొప్పకు ఇంకొక కొలత ఉండకూడదు.

ఇబ్బంది పెట్టే ప్రశ్నలు

"అయితే మన రామాయణం, భారతం సంగతేమిటి?" అని పిల్లలు అడుగుతారు. తప్పించుకోకండి. ఇవే మూడు ప్రశ్నలు అన్ని కథలకూ వర్తిస్తాయనీ, ఒక కథ ఇచ్చే విలువ తవ్వకాల మీద మాత్రమే ఆధారపడి ఉండదనీ చెప్పండి. ఎవరి ఇంటి నమ్మకాన్నీ తరగతిలో విచారణకు నిలబెట్టవద్దు.

గ్రీకు దేవతల కథలలో ఈ వయసుకు తగనివి చాలా ఉన్నాయి. అబద్ధం చెప్పనక్కరలేదు, అన్నీ చెప్పనూ అక్కరలేదు. డిమీటర్, పెర్సెఫనీ కథతో రుతువుల గురించి, ఇకారస్ కథతో తండ్రి మాట గురించి, సైక్లాప్స్ కథతో ఒడిస్సియస్ యుక్తి గురించి మాట్లాడుకోవచ్చు.

గుర్తుంచుకోవలసిన అంశాలు

• కథను పూర్తిగా చెప్పాకే ఆధారం గురించి అడగాలి.
• కథలోని వస్తువు దొరికితే కథ జరిగినట్టు కాదు.
• ప్రజలు ఏం నమ్మారన్నది చరిత్రే.
• ప్రజాస్వామ్యం గురించి చెప్పేటప్పుడు ఓటు లేనివాళ్ళ గురించి కూడా చెప్పాలి.

అభ్యాసం

1. మీ ఊరి చెరువు గురించో, గుడి గురించో పెద్దలు చెప్పే ఒక కథను మూడు గడుల పట్టికలో రాయించండి.
2. "190 పెంకులు, 14 చేతులు" అన్న అంశం మీద తరగతిలో చర్చ నడిపించండి.
3. ఏథెన్సులో ఒక బానిస, ఒక గృహిణి, ఒక నావికుడు సర్వసభ రోజున ఏం చేస్తుంటారో ఒక్కొక్క పేరా రాయించండి.

చివరగా ఒక మాట. నాలుగో పీరియడ్ ముగిశాక వెనక బెంచీ విద్యార్థి మళ్ళీ లేచి, ఈసారి "సార్, ఇది ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు?" అని అడిగితే మీ పాఠం నెరవేరినట్టే. రేపు ఆ ప్రశ్నను మీ మాటల మీద కూడా వేస్తాడు. వేయనివ్వండి.