డబుల్స్‌దే చివరి మాట
మహిళల ప్రపంచ టీమ్ టెన్నిస్‌లో భారత్ ఎక్కిన ప్రతి మెట్టు వెనుకా హైదరాబాద్, గుజరాత్ అమ్మాయిల చెమట ఉంది

2020 మార్చిలో దుబాయ్ నుంచి వచ్చిన ఒక ఫొటోను చాలామంది మర్చిపోలేదు. ఒక చేత్తో ఏడాదిన్నరైనా నిండని కొడుకు ఇజాన్‌ను ఎత్తుకుని, మరో చేతిలో రాకెట్ పట్టుకుని కోర్టు పక్కన నిలబడ్డ సానియా మీర్జా. నాలుగేళ్ల విరామం తర్వాత ఆమె ఫెడ్ కప్ ఆడింది. తొలి రోజు చైనా చేతిలో ఓడిన భారత్ ఆ తర్వాత వరుసగా ఉజ్బెకిస్థాన్, దక్షిణ కొరియా, చైనీస్ తైపీ, ఇండోనేసియాలను ఓడించింది. ఐదు రోజుల్లో ఐదు పోరాటాలు. 1991లో తొలిసారి ఈ పోటీలో అడుగుపెట్టిన భారత మహిళలు ప్రపంచ స్థాయి ప్లేఆఫ్‌కు చేరడం అదే మొదటిసారి.

ఇండోనేసియాతో చివరి పోరు ఎలా సాగిందో చూస్తే మన జట్టు కథంతా అర్థమవుతుంది. తొలి సింగిల్స్‌లో రుతుజా భోస్లే ఓడింది. రెండో సింగిల్స్‌లో అహ్మదాబాద్ అమ్మాయి అంకితా రైనా గెలిచి లెక్క సమం చేసింది. మిగిలింది డబుల్స్. అంకిత పక్కన సానియా దిగింది. పని పూర్తయింది.

ఆసియా, ఓసియానియా గ్రూపులో ఒక్కో పోరుకు మూడే మ్యాచ్‌లు, రెండు సింగిల్స్, ఒక డబుల్స్. అంటే మొత్తం బలంలో మూడో వంతు డబుల్స్‌దే. డబుల్స్‌లో ప్రపంచ స్థాయి క్రీడాకారిణి ఉన్న దేశానికి ఈ లెక్క వరం. అయితే అక్కడి దాకా పోరు మిగలాలంటే సింగిల్స్‌లో కనీసం ఒకటి గెలవాలి. మనకు ఎప్పుడూ వచ్చే చిక్కు అక్కడే.

2018 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఆ చిక్కు బట్టబయలైంది. మోకాలి గాయంతో సానియా లేదు. అంకిత మాత్రం ఆ వారం ఆడిన సింగిల్స్ అన్నీ గెలిచింది. చైనాకు చెందిన ఝు లిన్‌ను, అప్పటికి తొలి వంద ర్యాంకుల్లో ఉన్న కజకిస్థాన్ క్రీడాకారిణి యూలియా పుతింత్సేవాను కూడా ఓడించింది. అయినా చైనాతో, కజకిస్థాన్‌తో పోరాటాలు రెండూ 1-2 తేడాతో చేజారాయి. చివరికి చైనీస్ తైపీని ఓడించి గ్రూప్-1లో చోటు నిలుపుకుంటే చాలనే స్థితి. ఒక్కరే ఎంత మోసినా ఇది జట్టు ఆట. ఇంత ఆడినా అంకితకు ర్యాంకింగ్‌లో ఒక్క పాయింటూ కలవలేదు. ఈ పోటీకి డబ్ల్యూటీఏ పాయింట్లు ఉండవు మరి. ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే మాత్రం దేశం తరఫున ఈ జట్టుకు అందుబాటులో ఉండాలన్న నిబంధన ఉంది.

సానియా అండతో ఒక మెట్టు పైకెక్కిన సందర్భం మన ముంగిట్లోనే జరిగింది. 2015 ఏప్రిల్‌లో అమెరికాలోని చార్లెస్టన్‌లో డబుల్స్ టైటిల్ గెలిచి ప్రపంచ నంబర్‌వన్ అయిన సానియా నేరుగా హైదరాబాద్ వచ్చి దిగింది. ఇక్కడ జరుగుతున్నది ఫెడ్ కప్ గ్రూప్-2, అంటే కింది అంతస్తు. నంబర్‌వన్ ర్యాంకు చేతికి వచ్చిన వారంలో కింది గ్రూపు మ్యాచ్‌లు ఆడటానికి పెద్ద క్రీడాకారిణులు సాధారణంగా ఇష్టపడరు. సానియా ఆడింది, జట్టుకు నాయకత్వమూ వహించింది. ఫిలిప్పీన్స్‌ను 2-1తో ఓడించి భారత్ గ్రూప్-1కు తిరిగి వెళ్లింది. 2005లో ఇదే నగరంలో డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళగా నిలిచిన సానియాకు ఆ వారం మరో రకమైన పరీక్ష.

అసలు ఈ పోటీ పుట్టడానికే చాలా కాలం పట్టింది. పురుషుల డేవిస్ కప్ 1900లో మొదలైంది. మహిళలకూ అలాంటిదే ఉండాలని అమెరికాకు చెందిన హేజెల్ హాచ్‌కిస్ వైట్‌మన్ 1919లోనే అడిగింది. ఎవరూ పట్టించుకోలేదు. 1923లో అమెరికా, బ్రిటన్‌ల మధ్య వైట్‌మన్ కప్‌తో ఆమె సరిపెట్టుకోవాల్సి వచ్చింది. చివరికి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యకు యాభై ఏళ్లు నిండిన 1963లో లండన్ క్వీన్స్ క్లబ్‌లో 16 దేశాలతో ఫెడరేషన్ కప్ ప్రారంభమైంది. ఆస్ట్రేలియాను ఓడించి తొలి కప్పు గెలిచిన అమెరికా జట్టులో బిల్లీ జీన్ మోఫిట్ అనే పందొమ్మిదేళ్ల అమ్మాయి ఉంది. 1995లో ఫెడ్ కప్‌గా కుదించిన పేరు 2020 సెప్టెంబరులో ఆమె పేరిటే బిల్లీ జీన్ కింగ్ కప్ అయింది. ప్రధాన ప్రపంచ టీమ్ పోటీల్లో ఒక మహిళ పేరు పెట్టుకున్నది మరొకటి వెతికినా దొరకదు. అమెరికా 18 సార్లు ఈ కప్పు గెలిచింది. 2024, 2025ల్లో మాత్రం ఇటలీదే పైచేయి.

గుజరాత్ వైపు చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. పవర్‌లూమ్‌ల మీద బతికే వేలాది తెలుగు పద్మశాలి కుటుంబాలకు నిలయమైన సూరత్‌లో బ్యాటు పట్టిన పిల్లలు ఎక్కువగా చేరేది టేబుల్ టెన్నిస్ బల్ల దగ్గరకు. పారిస్ ఒలింపిక్స్ ఆడిన హర్మీత్ దేశాయ్, మానవ్ ఠక్కర్ ఇద్దరూ సూరత్ వాళ్లే. 2022 జాతీయ క్రీడల్లోనూ టేబుల్ టెన్నిస్ సూరత్‌లో, టెన్నిస్ అహ్మదాబాద్‌లో జరిగాయి. బల్లాట హాల్లో అయిపోతుంది. టెన్నిస్‌కు కోర్టు, కోచ్, ఊళ్లు తిరిగే ఖర్చు కావాలి. అంకిత అహ్మదాబాద్ వదిలి పుణెలో శిక్షణకు వెళ్లింది ఇందుకే. అలా వదిలి వెళ్లగలిగిన వాళ్లే జట్టులోకి వస్తున్నారు.

దుబాయ్ విజయం తర్వాత ప్లేఆఫ్ 2021 ఏప్రిల్‌లో లాత్వియాలోని యూర్మలాలో జరిగింది. ఫ్రెంచ్ ఓపెన్ మాజీ విజేత యెలెనా ఓస్టాపెంకోను అంకిత మూడు సెట్ల దాకా లాగినా భారత్ 1-3తో ఓడింది. అదే ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో సానియా, అంకిత ఉక్రెయిన్‌కు చెందిన కిచెనోక్ సోదరీమణులపై తొలి సెట్ 6-0తో గెలిచారు. రెండో సెట్‌లో 5-3తో ముందున్నారు. అక్కడి నుంచి ఓడిపోయారు. అవతలి జోడీలోని నదియా కిచెనోక్‌తో కలిసే సానియా 2020 జనవరిలో హోబార్ట్ టైటిల్ గెలిచి పునరాగమనం చేసింది. ఆటలో ఇలాంటి వింతలు మామూలే.

2020లో ఫెడ్ కప్ హార్ట్ అవార్డు అందుకున్న తొలి భారతీయురాలు సానియా. దాంతో వచ్చిన 2,000 డాలర్లను కరోనా రోజుల్లో తెలంగాణ ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చింది. 2023 మార్చిలో ఎల్బీ స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్ ఆడింది. ఆమె తర్వాత ఎవరన్న ప్రశ్నకు 2025 ఏప్రిల్‌లో పుణెలో కొంత జవాబు దొరికింది.

బాలేవాడీలో జరిగిన ఆ పోటీలోని జట్టులో హైదరాబాద్ నుంచి శ్రీవల్లి రష్మిక భమిడిపాటి, తెలంగాణకే చెందిన సహజ యమలపల్లి ఉన్నారు. గుజరాత్ నుంచి అంకితతో పాటు వైదేహి చౌదరి. డబుల్స్‌కు ప్రార్థన తోంబరే, 2015లో హైదరాబాద్‌లో సానియాతో పాటు జట్టులో ఉన్న అమ్మాయే. తొలి పోరులో న్యూజిలాండ్ చేతిలో ఓటమి. తర్వాత నాలుగూ గెలిచి, చివరిగా దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ రెండో స్థానంతో మళ్లీ ప్లేఆఫ్ చేరింది. రష్మిక ఐదు సింగిల్స్ ఆడి ఐదూ గెలిచింది. సానియా జమానాలో డబుల్స్ మీద ఆనుకున్న జట్టుకు సింగిల్స్‌లో రోజూ ఒక పాయింటు ముందే చేతికొచ్చిన వారం అది.

నవంబరులో ప్లేఆఫ్ బెంగళూరులోనే జరిగింది. భారత్ ఈ స్థాయి పోటీకి ఆతిథ్యం ఇవ్వడం అదే తొలిసారి. సింగిల్స్ భారం తెలుగమ్మాయిల మీదే పడింది. స్లొవేనియా, నెదర్లాండ్స్ రెండూ భారత్‌ను ఓడించాయి. జట్టు తిరిగి ఆసియా, ఓసియానియా గ్రూపుకు వచ్చింది. అక్కడ మళ్లీ రెండు సింగిల్స్, ఒక డబుల్స్.