స్టీరియో ఆపితే స్పీకరు ఎందుకు ఉలిక్కిపడుతుంది?

మీ తాతగారి నాటి స్టీరియో రిసీవరు ఇంట్లో ఉందా? అయితే ఒక సంగతి గమనించే ఉంటారు. పాట చక్కగానే వస్తుంది. స్విచ్చి ఆపగానే మాత్రం స్పీకర్లలో ‘ధబ్’మని మోత! నాన్నగారు విసుక్కుని, పాత సామానులవాడికి వేసేద్దామంటారు. కాస్త ఆగమనండి. ఏ భాగం పాడైందో ఆ చప్పుడే చెబుతోంది.

కరెంటు ఆగిపోయింది గదా, మరి చప్పుడు చేసేదెవరు?

ఒకసారి నల్లమల కొండల నడుమనున్న శ్రీశైలం ఆనకట్టను తలచుకోండి. కృష్ణకు వరద వచ్చేది ఏడాదిలో కొన్ని నెలలే. అయినా 885 అడుగుల పూర్తి మట్టం దాకా నీరు నిలువ చేసుకుంటే, వరద తగ్గాక కూడా టర్బైన్లు తిప్పవచ్చు. 1982లో విద్యుదుత్పత్తి మొదలైన కుడిగట్టు కేంద్రానికి ఆధారం ఈ నిలువ నీరే. రిసీవరులో కూడా ఇటువంటి జలాశయాలున్నాయి. వాటిని ఫిల్టరు కెపాసిటర్లంటారు. మన ఇంటికి వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది. డయోడ్లు దానిని ఒకే దిశకు మళ్ళిస్తే సెకనుకు 100 అలలుగా వస్తుంది. ఆ అలలను నింపుకుని నిలకడగా వదలడం కెపాసిటరు పని. అందుకే స్విచ్చి ఆపాక కూడా పాట ఒకటి రెండు క్షణాలు వినిపించి, సన్నగిల్లి, కీచుమని ఆగుతుంది. ఇది జబ్బు కాదు.

జబ్బు ‘ధబ్’లో ఉంది. చాలా రిసీవర్లలో ధన వోల్టేజికి ఒక కెపాసిటరు, రుణ వోల్టేజికి మరొకటి ఉంటాయి. రెండూ సమానంగా ఖాళీ అయితే మధ్యనున్న స్పీకరుకు ఏమీ తెలియదు. ఒకటి ముందే ఖాళీ అయితే రెండోది స్పీకరు శంకువును తనవైపుకు లాగేస్తుంది! మోత మరీ పెద్దదైతే, రోజూ జరిగితే, స్పీకరుకే ముప్పు. ఈ కెపాసిటర్లలో ఉండే ద్రవం ఏళ్ళ తరబడి వేడికి ఎండిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. మన సీమ ఎండల్లో, పైన పుస్తకాలు పేర్చి గాలి ఆడకుండా చేసిన రిసీవరు గతి ఇక ఊహించుకోండి. కొన్ని రిసీవర్లలో రిలే అనే కాపలాదారు ఉంటాడు. కరెంటు పోగానే స్పీకర్లను విడదీయడం అతని ఉద్యోగం. అతడు ఆలస్యం చేసినా మోత బయటపడుతుంది.

చప్పుడు ‘ధబ్’ కాక ‘ఫట్’మంటే కథ వేరు. జోరుగా పారే కుళాయిని ఠక్కున కట్టేస్తే గొట్టం అదురుతుంది కదా? ట్రాన్స్‌ఫార్మరు తీగచుట్టలో పారే విద్యుత్తు కూడా అంతే, ఉన్నట్టుండి ఆగనంటుంది. స్విచ్చి విడిపోయే సందులో నిప్పురవ్వగా దూకుతుంది. నిప్పురవ్వ నుంచి రేడియో తరంగాలు పుడతాయి. హైన్రిక్ హెర్ట్జ్ 1887లో తన ప్రయోగాలు చేసింది నిప్పురవ్వలతోనే. మీరూ చూడవచ్చు: మీడియం వేవు రేడియోను స్టేషను లేనిచోట ఉంచి, పక్కన ట్యూబులైటు వేసి ఆపండి, ‘చిట్’మంటుంది. (శ్రీశైలం వంటి విద్యుత్కేంద్రాల స్విచ్‌యార్డుల్లో ఈ రవ్వే పెద్ద విద్యుత్ జ్వాల అవుతుంది; దానిని ఆర్పడానికే పెద్ద పెద్ద సర్క్యూట్ బ్రేకర్లు!) రిసీవరులో రవ్వను అణచడానికి స్విచ్చికి అడ్డంగా చిన్న కెపాసిటరు ఒకటి పెడతారు. అది పాడైతే ‘ఫట్’.

ఇప్పుడు మూత తీయకుండానే పరీక్షించండి. రిసీవరు స్విచ్చిని ముట్టక, గోడ స్విచ్చితో ఆపి చూడండి. ‘ఫట్’ పోతే అనుమానం రిసీవరు స్విచ్చి మీద, దాని కెపాసిటరు మీద. తరువాత వాల్యూమును సున్నాకు తిప్పి ఆపండి. చప్పుడు తగ్గితే దోషం వాల్యూముకు ముందరి భాగంలోది, తగ్గకపోతే తరువాతిది. ఒక్క స్పీకరే మోగితే ఆ వైపు యాంప్లిఫయరును అనుమానించాలి. రెండూ మోగితే ఉమ్మడిగా ఉన్న విద్యుత్ సరఫరాను.

మూత మాత్రం మీరు తీయవద్దు. ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో విద్యుత్తు మిగిలే ఉంటుంది, గట్టిగా షాకు కొడుతుంది. మీరు విన్నదంతా కాగితం మీద రాసి మెకానిక్కుకు ఇవ్వండి. స్విచ్చికి అడ్డంగా వేసే కెపాసిటరు మెయిన్స్ కరెంటు కోసం ప్రత్యేకంగా చేసినదేనా అని కూడా అడగండి. మామూలుది వేస్తే అది పేలి నిప్పంటుకోవచ్చు.