అమ్మ రిపోర్టులో ఒక్క లైను

"గ్యాసేనే, ఏం కాదు..." ఏడాదిపాటు అమ్మ చెప్పిన మాట ఇదే. కాస్త వాము నమిలేది, మజ్జిగ తాగేది. రెండు ముద్దలకే కడుపు నిండిందని లేచిపోయేది. జాకెట్లు వదులైపోతుంటే వయసు మీద పడుతోందనుకున్నాం. చివరికి ఎండోస్కోపీ చేయిస్తే జీర్ణాశయంలో క్యాన్సర్ అని తేలింది.

రక్తపరీక్షలో సి.ఇ.ఎ. మామూలుగానే ఉందని నేను సంబరపడ్డాను. "అది మామూలుగా ఉన్నా క్యాన్సర్ ఉండొచ్చమ్మా. ముక్క తీసి చేసే పరీక్షే ఖాయం" అన్నారు డాక్టరుగారు. ఆ ముక్క మీదే ఇంకొన్ని పరీక్షలు రాశారు. పి.డి.-ఎల్.1, ఎం.ఎస్.ఐ... ఏమిటివన్నీ అనడిగితే ఓపిగ్గా చెప్పారావిడ.

మన ఒంట్లో తెల్లకణాలు కాపలావాళ్లు. వాటికి పి.డి.-1 అనే బ్రేకు ఉంటుంది. క్యాన్సర్ కణం తన పి.డి.-ఎల్.1 ప్రొటీన్‌తో ఆ బ్రేకు నొక్కి తప్పించుకుంటుంది. పి.డి.-1ను కనుగొన్న జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజోకు 2018లో జేమ్స్ అలిసన్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. బ్రేకు వదిలించే నివోలుమాబ్ మందును, ముదిరిన జీర్ణాశయ క్యాన్సర్‌కు కీమోతో కలిపి మొదటి చికిత్సగా ఇవ్వడానికి 2021లో అమెరికా అనుమతించింది. ఖరీదు ఎక్కువే. పైగా రెచ్చిపోయిన కాపలావాళ్లు థైరాయిడ్, ఊపిరితిత్తుల మీదా పడొచ్చు.

ఇక ఎం.ఎస్.ఐ. కణం రెండయ్యేటప్పుడు జన్యువుల్లో దొర్లే తప్పుల్ని దిద్దే యంత్రాంగం పాడైతే తప్పులు పేరుకుపోతాయి. అలాంటి కణాన్ని కాపలావాళ్లు తేలిగ్గా గుర్తుపడతారు. అందుకే ఎం.ఎస్.ఐ. ఎక్కువున్న వాళ్లకి ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టే అవకాశం కాస్త తక్కువ. "అలాగని ఇది జాతకం కాదు. ఏ దశలో పట్టుకున్నామన్నదే ముందు చూడాలి" అన్నారావిడ.

అమ్మ రిపోర్టులో ఆ లైను ఉంది - ఎం.ఎస్.ఐ. ఎక్కువ అని. హమ్మయ్య అనుకునేలోపే, "మీ ఇంట్లో ఇంకెవరికైనా క్యాన్సర్ వచ్చిందా?" అనడిగారు. నలభై ఆరేళ్లకే గర్భాశయ క్యాన్సర్‌తో పోయిన పిన్ని గుర్తొచ్చింది. చాలామందిలో ఇది వంశపారంపర్యం కాదట. కానీ లించ్ సిండ్రోమ్ ఉంటే మాత్రం ఒక్కో బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్ల ముప్పు ఎక్కువ.

అమ్మకి రక్తపరీక్షలో ఆ జన్యులోపం తేలింది. తర్వాత నాకూ తేలింది. ఆ రాత్రి అమ్మ నా చెయ్యి పట్టుకుని, "నా రోగం నీకిచ్చానటే" అని ఏడ్చింది. "కాదమ్మా, పిన్నికి దొరకని కబురు నాకిచ్చావు" అన్నాను.

అమ్మకి ఆపరేషనయి రెండేళ్లు. కొంచెం కొంచెంగా ఆరుసార్లు తింటోంది. నేను డాక్టరు చెప్పిన గడువుకల్లా కొలనోస్కోపీ చేయించుకుంటున్నాను. నెలసరిలో ఏ తేడా వచ్చినా దాచుకోవడం లేదు. తమ్ముణ్ణి కూడా పరీక్షకి ఒప్పించాను.

మీ ఇంట్లోనూ ఎవరైనా "గ్యాసే" అంటూ సన్నబడిపోతుంటే వాము డబ్బా పక్కన పెట్టండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.