అడవికి హద్దు రాసేదెవరు?

అసోంలోని కాజీరంగాను బ్రహ్మపుత్ర కోసుకుపోతూనే ఉంటుంది. పెద్ద వరద వచ్చినప్పుడల్లా పార్కు ఉత్తరపు అంచున కొంత గడ్డినేల ఏట్లో కలిసిపోతుంది. కాగితం మీద మాత్రం ఆ పార్కు పెరుగుతూనే వచ్చింది. 1974లో జాతీయ పార్కు హోదా దక్కినప్పుడు దాని విస్తీర్ణం 430 చదరపు కిలోమీటర్లు. ఆ తర్వాత వరుసగా ఆరు విస్తరణలు జరిగాయి. ఆరోది ఒక్కటే 376 చదరపు కిలోమీటర్ల పైమాట; నదినీ, నది మధ్య లంకలనూ పార్కులోకి తెచ్చింది అదే. 2020లో మరో మూడు విడతల్లో ఇంకో 30 చదరపు కిలోమీటర్లు చేర్చారు.

వీటిలో పాన్‌బరీ, కాంచన్‌జురీ, హల్దీబరీ అనే ముక్కలు చూడటానికి మరీ చిన్నవి, ఒక్కొక్కటీ చదరపు కిలోమీటరుకు కాస్త అటూ ఇటూ. కానీ వాటి విలువ వరద రోజుల్లో తెలుస్తుంది. పల్లం మునిగితే ఏనుగులు, జింకలు, ఖడ్గమృగాలు జాతీయ రహదారి దాటి దక్షిణాన ఉన్న కార్బీ ఆంగ్లాంగ్ కొండలెక్కుతాయి. ఆ దారి మూసుకుపోతే లోపల ఎంత అడవి ఉన్నా అక్కరకు రాదు.

ఇంతకీ ఒక నేలను పార్కులో చేర్చడమంటే ప్రభుత్వం చేయాల్సినదేమిటి? మంత్రి ప్రకటనో, ముఖద్వారం దగ్గర శిలాఫలకమో సరిపోవు.

1972 దాకా దీనికి దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. నాటి సంయుక్త పరగణాలు (యునైటెడ్ ప్రావిన్సెస్) 1935లో సొంత చట్టం చేసుకుని, మరుసటి ఏడు హేలీ పార్కును ఏర్పరిచాయి. నేటి కార్బెట్ అదే. అసోం కూడా 1968లో తన చట్టం తాను రాసుకుంది. కాజీరంగాకు పునాది ఆ చట్టమే. వన్యప్రాణులు అప్పట్లో రాష్ట్రాల జాబితాలో ఉండేవి కనుక పార్లమెంటు తనంతట తాను శాసనం చేయడానికి వీల్లేదు. రాజ్యాంగంలోని 252వ అధికరణం ప్రకారం రాష్ట్రాలే తీర్మానం చేసి అడగాలి. అలా అడిగిన 11 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఫలితంగా వచ్చినదే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. 1976లో 42వ సవరణ ఈ విషయాన్ని ఉమ్మడి జాబితాలోకి మార్చింది.

ఆ చట్టంలోని 35వ సెక్షన్ ప్రకారం పార్కుకు రెండు నోటిఫికేషన్లు కావాలి. మొదటిదానిలో రాష్ట్ర ప్రభుత్వం హద్దులు చెప్పి, ఈ ప్రాంతాన్ని జాతీయ పార్కు చేయదలచుకున్నామని ఉద్దేశం మాత్రమే తెలుపుతుంది. చూడటానికి మామూలు ప్రకటనే, కానీ దాని బలం తక్కువేమీ కాదు. ఆ రోజు నుంచి ఆ హద్దుల్లో వారసత్వంగానో వీలునామా ద్వారానో తప్ప కొత్తగా ఎవరికీ హక్కు పుట్టదు.

తర్వాత బంతి కలెక్టరు కోర్టులో పడుతుంది. ఆయన చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో స్థానిక భాషలో ప్రకటన వేయించాలి. పట్టా భూమి ఉన్నవాళ్లు, పశువులు మేపుకునేవాళ్లు, అడవిలో దారి నడిచేవాళ్లు, అటవీ ఫలసాయం మీద బతికేవాళ్లు రెండు నెలల్లోగా తమ హక్కేమిటో, నష్టపరిహారం ఎంత కావాలో రాసివ్వాలి. గడువు తక్కువేనని ఒప్పుకోవాలి. కొండమీది గూడెంలో ఉండే మనిషికి ప్రకటన అందడానికే సగం రోజులు గడిచిపోవచ్చు.

అర్జీలు విచారించాక కలెక్టరు ముందు అభయారణ్యానికైతే మూడు దారులుంటాయి. ఆ భూమిని హద్దుల నుంచి తప్పించవచ్చు, పరిహారమిచ్చి సేకరించవచ్చు, లేదా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ను సంప్రదించి ఆ హక్కును కొనసాగనివ్వవచ్చు. జాతీయ పార్కుకు ఈ మూడో దారి మూసేశారు. లోపలి హక్కులన్నీ రాష్ట్రానికి దఖలు పడ్డాకే రెండో నోటిఫికేషన్, అంటే తుది ప్రకటన, వెలువడుతుంది. రెండు హోదాలకూ అసలు తేడా ఇక్కడుంది. తుది ప్రకటన తర్వాత పార్కులో పశువును మేపడం కూడా నేరం.

రిజర్వు అడవి అయితే పని తేలిక. హక్కుల లెక్క చాలావరకు ముందే తేలి ఉంటుంది. జనం ఉన్న నేల దగ్గరే ఫైలు ఆగిపోతుంది. ఎంతగా ఆగిందంటే, 1997లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, రెండు నెలల్లో ప్రకటనలు వేసి, ఏడాదిలో హక్కుల విచారణ ముగించాలని రాష్ట్రాలను ఆదేశించింది.

కాజీరంగా విస్తరణ ఎంత కష్టమో 2016 సెప్టెంబరులో దేశం చూసింది. విస్తరణ ప్రాంతాల్లోని జనాన్ని ఖాళీ చేయించాలని అంతకు ముందు ఏడాది గువాహాటీ హైకోర్టు ఆదేశించింది. బాందర్‌దుబీ గ్రామంలో కూల్చివేతలకు వెళ్లినప్పుడు నిరసన చెలరేగి, పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. నదికి పోయిన నేలకు బదులు నేల వెతికే క్రమంలో పార్కు హద్దు ఊళ్ల మీదికి వచ్చింది. నదీకోత నుంచి జంతువులకు రక్షణ కావాలన్నది ఎంత నిజమో, ఆ ఖర్చు ఒడ్డున ఉన్న పేదల మీద పడిందన్నదీ అంతే నిజం.

ఈ తూకాన్ని సరిచేయడానికి 2006లోనే అటవీ హక్కుల చట్టం వచ్చింది. జాతీయ పార్కులకూ అది వర్తిస్తుంది. ముందు హక్కులు గుర్తించాలి. సహజీవనం సాధ్యం కాదని తేల్చాలి. ఆపైన గ్రామసభ స్వేచ్ఛగా, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కదిలించే మాట ఆ తర్వాతే.

తెలుగు నేల మీద విస్తరణకు పెద్ద ఉదాహరణ పాపికొండలు. 1978లో 591 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంగా ఉన్న ఆ గోదావరి కొండలు 2008లో 1,012 చదరపు కిలోమీటర్ల జాతీయ పార్కు అయ్యాయి. కొండరెడ్లు, కోయలు తరతరాలుగా బతుకుతున్న ప్రాంతం అది. హైదరాబాద్ నడిబొడ్డున బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. చట్టం దృష్టిలో రెండింటి హోదా ఒక్కటే. విస్తీర్ణం ఇంత ఉండాలన్న నియమమేదీ ఆ సెక్షన్‌లో లేదు.

మరి హద్దు కుదించాలంటే? 1972 చట్టం మొదట ఈ అధికారాన్ని శాసనసభకు ఇచ్చింది. సభ తీర్మానిస్తే తప్ప గీత కదలకూడదు. 2002 సవరణ దాన్ని తీసేసి, ప్రధానమంత్రి అధ్యక్షుడిగా ఉండే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు తప్పనిసరి చేసింది. బోర్డులో నిపుణులుంటారు, నిజమే. అయితే శాసనసభలో అయితే స్థానిక ప్రతినిధి లేచి ప్రశ్న వేయగలడు, ఆ జవాబు మర్నాడు పత్రికల్లోకి వస్తుంది. ఆ అవకాశం పోవడం చిన్న నష్టం కాదు. మధ్యలో 2000 నవంబరులో సుప్రీంకోర్టు ఇంకో తాళం వేసింది: తమ తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా అడవులు, అభయారణ్యాలు, జాతీయ పార్కుల హోదా ఎత్తివేయరాదు.

పార్కు గోడ అవతలి నేల సంగతి వేరు. అక్కడ కేంద్రం 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఎకో సెన్సిటివ్ జోన్ ప్రకటిస్తుంది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు ప్రతి రక్షిత అడవి చుట్టూ కనీసం కిలోమీటరు ఉండాలంది. ఊళ్లు, పొలాలు, నగరాలు ఉన్నచోట ఒకే కొలత కుదరదని రాష్ట్రాలు, కేంద్రం మొరపెట్టుకోవడంతో 2023 ఏప్రిల్‌లో దాన్ని సడలించింది. గనుల తవ్వకానికి మాత్రం ఆ కిలోమీటరు నిషేధం అలాగే ఉంది.