ఉప్పునీటి తొట్టిలో తెల్లమచ్చలు

సముద్రపు చేపలను పెంచే గాజుతొట్టిలో ఒక్కోసారి చేపల ఒంటిమీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లమచ్చలు లేస్తాయి. కారణం క్రిప్టోకారియన్ ఇరిటాన్స్ అనే ఏకకణజీవి. మందు రైతుబిడ్డలకు తెలిసిందే: మా నాన్న బత్తాయి తోటకు బోర్డో మిశ్రమంలో కలిపే మైలుతుత్తం! అందులోని రాగి ఈ పరాన్నజీవిని చంపుతుంది. కాని అదే తొట్టిలోని రొయ్యలు, పగడాలు, సముద్ర నక్షత్రాలు కూడా రాగికి తాళలేవు. పైగా సున్నపురాళ్లు రాగిని పీల్చి పట్టి ఉంచుతాయి.

మరి దారేమిటి? శత్రువు జీవితచక్రం చూడండి. చేప చర్మంలో కొద్దిరోజులు బలిసి, కింద రాలి, గట్టి గుల్ల కట్టుకుంటుంది. అది పగిలి ఈదుకొచ్చే పిల్లలకు ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చావే. రొయ్యమీద, పగడంమీద అవి బతకలేవు. రాగి పనిచేసేది ఈ ఈదే పిల్లలమీదే.

కాబట్టి చేపలన్నిటినీ రాయీ ఇసుకా లేని వేరే తొట్టికి మార్చి, లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగి ఉండేలా రోజూ కొలుస్తూ మూడు వారాలు వైద్యం చేయాలి. అసలు తొట్టిలో కనీసం 6 వారాలు చేప ఉండకూడదు. కొన్ని గుల్లలు ఆలస్యంగా పగులుతాయి గనుక 76 రోజులైతే నిశ్చింత. పొలం బీడు పెడితే పురుగు తిండిలేక చచ్చినట్టే ఇదీను. తొందరపడి ఒక్క చేపను ముందే వేశామా, కథ మళ్లీ మొదటికే!